ఉమ్ ఘువైలినా గోడలో కంత

ఖతర్‌లోని అల్ ఖోర్‌లో మా అమ్మాయి వాళ్ళ ఇంటి బాల్కనీలో నిలబడితే ఎదురుగా కిరాణా దుకాణం కనిపిస్తుంది. దాని ముందు పేర్చిన ఉల్లిగడ్డ సంచులు కూడా కనిపిస్తాయి. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డే. నేను వచ్చిన మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని, కొత్తిమీర తెస్తానని బయలుదేరితే, అమ్మాయి కారు తాళాలు పట్టుకుని వెనకాలే వచ్చింది. "బాపూ, అటు నడిచి పోరాదు. నడుమ కంచె ఉంది. కారులనే పోవాలె" అంది. సరేనని ఎక్కాను. కారు దుకాణానికి వీపు తిప్పి ఎటో పోయింది, ఒక సిగ్నల్ దగ్గర ఆగింది, వంతెన కిందుగా తిరిగింది, మళ్ళీ ఇంకో సిగ్నల్ దగ్గర ఆగింది. దుకాణం ముందు దిగి తలెత్తి చూస్తే మా బాల్కనీలో నా తువ్వాలు ఆరుతూ కనిపించింది. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని నేను ఒకటే నవ్వు. "ఏమైంది బాపూ" అని అమ్మాయి అడిగితే ఏం లేదన్నాను. ఏం లేదనడం నాకు చాలా ఏళ్ళ అలవాటు.

ఇలాంటి రోడ్లు వేసేముందు గుర్తుకు కట్టె మేకులు కొట్టే పనితోనే ఈ దేశంలో నా బతుకు మొదలైంది. అందుకని ఈ చుట్టు తిరుగుళ్ళ మీద విసుక్కునే హక్కు నాకు లేదు. పైగా ఆ మేకుల్లో రెండింటిని నేను తప్పు చోట నాటాను, దాని దెబ్బ మా రాజన్న బావ కాలి మీద పడింది. పోయిన ఏడు బావ చనిపోయాడు. దినాల నాడు భోజనాల దగ్గర ఎవరో 'రాజన్న గోడ దుంకిన కథ' ఎత్తుకున్నారు. బావ బతికున్నన్నాళ్ళూ ఏ పెళ్ళిలో నలుగురు కూర్చున్నా ఆ కథ చెప్పేవాడు. పప్పు గిన్నె పట్టుకుని గోడెక్కడం, పైన కూర్చుని కిందికి చూసి దేవుణ్ణి తలుచుకోవడం, చివరికి పప్పు ఒక దిక్కు, తానొక దిక్కు పడడం, అన్నీ చేసి చూపించేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. దినాల నాడూ నవ్వాను, మా అక్క కూడా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. గోడలో ఉండవలసిన దారి ఉండవలసిన చోట లేకపోవడానికి కారణం నేనేనని మాత్రం బావకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పడానికి కావలసినన్ని పెళ్ళిళ్ళు జరిగాయి.

నూనె డబ్బు పొంగి దోహా ఊరు నాలుగు దిక్కులా పాకుతున్న కాలం అది. పొద్దున చూసిన ఇసుక దిబ్బ సాయంత్రానికి ఉండేది కాదు. మా కంపెనీ క్యాంప్ ప్లైవుడ్ గదుల వరస. ఒక ఖాళీ మైదానం అంచున ఉండేది. మైదానం దాటితే ఉమ్ ఘువైలినా పాత ఇళ్ళు, వాటి మధ్య ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు గోడకు ఒత్తుకోవలసినంత సన్నటి సందులు. ఆ సందులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకుంటూ పోయేవి. ఎక్కడ దూరినా ఎక్కడో ఒక చోట తేలేవాళ్ళం. వాటికి పేర్లు ఉండేవేమో గానీ మాకు తెలియవు. మేం చెప్పుకునే గుర్తులు వేరు. పిల్లి పడుకునే టైలర్ దుకాణం, నీలం గేటు, ఎర్ర గడ్డం ముసలాయన కూర్చునే అరుగు. అరుగు ముసలాయన ఊరికి పోతే మాలో కొందరు దారి తప్పిన మాట నిజం. మేం రోజూ దూరే సందుకు గుర్తు నీళ్ళ ట్యాంకర్. సందు మొదట్లో ఒక పాత ఆకుపచ్చ ట్యాంకర్ ఎప్పుడూ నిలబడి ఉండేది. కొత్తగా వచ్చినవాడికి కూడా ఒక్క మాట చెబితే చాలు, ట్యాంకర్ పక్కనుంచి లోపలికి పో, పోపు వాసన వచ్చిన చోట ఆగు అని.

ఆ పోపు మా ఖాజా చిచ్చాది. చిచ్చా కోరుట్ల మనిషి. ఆ సందు చివర ఒక పాత ఇంటిని అద్దెకు తీసుకుని, మాలాంటి వాళ్ళకు మెస్ నడిపేవాడు. తెలుగు, దక్కనీ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం అచ్చ తెలుగులో తిట్టేవాడు. గళ్ళ లుంగీ, భుజం మీద తడి గుడ్డ, చెవిలో సగం కాల్చి ఆర్పిన సిగరెట్. కిరసనాయిలు పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతుంటే మూత మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టేవాడు, ఎందుకంటే చెప్పేవాడు కాదు. వడ్డించే ముందు గరిటెడు పప్పు ఎవరో ఒకరి అరచేతిలో పోసి "ఉప్పు సూడు" అనేవాడు. ఏ రోజు ఎవరి చేతిలో పోస్తాడో తెలియదు గనక అందరం చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండేవాళ్ళం. మాలో కొందరు సోమవారం మాంసం ముట్టరు, కొందరు గురువారం, రాజన్న బావ శనివారం. ఆ లెక్కంతా చిచ్చా తలలోనే ఉండేది. శనివారం బావ పొరపాటున మాంసం గిన్నె వైపు చెయ్యి చాపితే, "అరే రాజన్నా, ఇయ్యాల నీ ఎంకన్న సూస్తుండు" అని చెయ్యి మీద గరిటెతో తట్టేవాడు. ఆ రోజు ముట్టనివాళ్ళ గిన్నెలు వేరే, గరిటెలు వేరే. రంజాన్ నెలలో తాను నీళ్ళు కూడా ముట్టకుండా మధ్యాహ్నం మాకు వండి, గది లోపల కూర్చోబెట్టి పెట్టేవాడు. ఉప్పు చూడడం ఆ నెలంతా మా పనే.

మెస్ వాకిట్లో చిచ్చా బీరపాదు పెట్టాడు. కిటికీ ఏసీ నుంచి కారే నీళ్ళు ఒక రేకు డబ్బాలో పట్టి దానికి పోసేవాడు. పక్కనే గోంగూర. దోహా ఎండలో బీరపువ్వు పచ్చగా విచ్చుకుంటే చూడడానికి పక్క క్యాంపుల వాళ్ళు వచ్చేవాళ్ళు. రెండే బీరకాయలు కాసినా చిచ్చా అందరి కంచాల్లోకీ ముక్క వచ్చేలా సన్నగా తరిగేవాడు.

నన్ను అక్కడికి తెచ్చింది రాజన్న బావే. అక్కను చేసుకున్నవాడు, నాకంటే ముందే వచ్చి తాపీ పనిలో కుదిరాడు. నన్ను సర్వేలో హెల్పర్‌గా వేశారు. మా సర్వేయర్ వర్గీస్ సార్, మలయాళీ. మూడు కాళ్ళ మీద మిషన్ పెట్టి ఆయన ఒంటి కంటితో చూస్తుంటే, ఆయన చెయ్యి ఊపిన చోట నేను మేకు కొట్టాలి. తల మీద ఎర్ర రంగు ఉంటే రోడ్డు అంచు, నీలం ఉంటే గోడలో దారి వదలాలని గుర్తు. ఇంతే నా పని. కానీ ఊరికి మాత్రం నేను సర్వే ఆఫీసర్నని చెప్పుకున్నాను. అక్క ఆ మాటను వాడంతా చెప్పింది. ఖతర్‌ను ఆమె ఇప్పటికీ దుబాయ్ అనే అంటుంది. "మా తమ్ముడు దుబాయ్ల రోడ్లు ఎటు పోవాల్నో చెప్తడు" అనేదట. మెస్‌లో కూడా నేను కాస్త గొప్పగానే మాట్లాడేవాణ్ణి. బావ వింటూ, "మా బామ్మర్ది చెప్పకుంటే ఈ దేశంల రోడ్డు నిలబడ్డకాన్నే నిలబడతది" అనేవాడు. అది ఎక్కిరింపని నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా మైదానం మీదుగా పెద్ద రోడ్డు వచ్చింది. రోడ్డుకూ పాత ఇళ్ళకూ మధ్య పొడుగాటి ఇటుక గోడ కట్టాలని, మనుషులు నడిచేందుకు ట్యాంకర్ సందుకు ఎదురుగా ఒక్క చోట దారి వదలాలని కాగితంలో ఉంది. ఆ దారి సంగతి విని మెస్‌లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గురువారం సాయంత్రం వర్గీస్ సార్ మిషన్‌లో చూసి ఆ దారికి అటొకటి ఇటొకటి నీలం మేకులు కొట్టించాడు. శుక్రవారం సెలవు. శనివారం వేరే సైటు నుంచి తాపీవాళ్ళు వస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో కోడికూర తిని, వాకిట్లో చాప మీద వెనక్కి వాలి బీరపాదు వైపు చూశాను. పందిరి కొత్తగా, బలంగా నిలబడి ఉంది. నాలుగు మూలలా నాలుగు కొత్త కట్టెలు. వాటిలో రెండింటికి ఎర్ర తలలు, రెండింటికి నీలం తలలు.

"చిచ్చా, ఈ కట్టెలు యాడివి?" అన్నాను.

"ఎవలో తెచ్చిచ్చిన్రు. మంచి కట్టె. ఎడారిల ఊకెనే పాతిపెట్టి పోతున్నరట పాగల్‌గాళ్ళు."

"ఎవలు తెచ్చిన్రు?"

"నీకెందుకురా పంచాది? బీరకాయ గావాల్నా, కట్టె గావాల్నా?"

చాప మీదున్నవాళ్ళంతా నవ్వారు. బావ మాత్రం తల వంచుకుని, ఎముకలో ఇంకేమైనా మిగిలిందేమోనని శ్రద్ధగా చూస్తున్నాడు.

నేను చేయవలసింది చిన్న పని. వర్గీస్ సార్ గదికి పోయి, సార్ మేకులు పోయినయ్ అంటే, ఆయన రెండు తిట్లు తిట్టి, మిషన్ తెచ్చి, చాయ్ చల్లారేలోపు మళ్ళీ కొట్టించేవాడు. కానీ ఆ తిట్లు క్యాంప్ అందరి ముందూ పడతాయి. రోడ్లు ఎటు పోవాలో చెప్పేవాడు కట్టెముక్కలకు కావలి కూడా కాయలేకపోయాడని మెస్‌లో పాట కడతారు. ఆ పాట వినలేక, చిచ్చాకు నాలుగు ఇనుప చువ్వలు తెచ్చి పందిరికి పాతి, మేకులు బయటకు లాగాను. ఎర్రవాటితో చిక్కు లేదు, వరసలో మిగతావి ఉన్నాయి. నీలం మేకుల గుంతలు మాత్రం గాలికి ఇసుకతో పూడిపోయాయి. అటూ ఇటూ నడిచి చూశాను. అంతా ఒకే ఇసుక. సరే, సందు మొదట్లో ట్యాంకర్ ఉంటుంది గదా అనుకుని, ట్యాంకర్‌కు సూటిగా నిలబడి, ఒక కన్ను మూసి వర్గీస్ సార్ లాగే చూసి, రెండు మేకులూ గట్టిగా కొట్టి, చేతులు దులుపుకుని వచ్చాను. పని బాగా కుదిరిందనే అనుకున్నాను.

శుక్రవారం నమాజుకు కార్లు ఎక్కువగా వస్తాయని, ఆ ఒక్క రోజు ట్యాంకర్‌ను కాస్త అవతలికి తీసి కరెంటు గది వెనక పెడతారు. ఆ సంగతి ఆ సందులో రోజూ నడిచే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ సాయంత్రం నాకు ట్యాంకర్ కనబడింది గానీ శుక్రవారం కనబడలేదు.

శనివారం వర్గీస్ సార్ దూరం నుంచే "నర్సయ్యా, సబ్ ఠీక్?" అని అడిగాడు. "ఠీక్ సార్" అన్నాను. ఇటుకలు లేచాయి. రెండు మూడు రోజుల్లో గోడ మనిషి ఎత్తు దాటింది. అందులో దారి అందంగా, రెండు పక్కలా నున్నటి సిమెంటు గిలాబుతో, సూటిగా కరెంటు గది వెనక గోడలోకి పోతూ తయారైంది. అందులో దూరినవాడు రెండు గోడల మధ్య నిలబడి మళ్ళీ వెనక్కి రావలసిందే. మా సందు మూతి మూసుకుపోయింది. వర్గీస్ సార్ వచ్చి గోడను చూశాడు, చేతిలో కాగితాన్ని చూశాడు, మళ్ళీ గోడను చూశాడు. చివరికి "ఆఫీసులో మార్చి ఉంటారు" అని తనకు తానే చెప్పుకుని, కాగితం చుట్ట చుట్టి వెళ్ళిపోయాడు. చెప్పడానికి అది నాకు రెండో అవకాశం. నేను మిషన్ కాళ్ళు మడుస్తూ ఉండిపోయాను.

కళ్ళ ముందున్న మెస్ ఆ రోజుతో ఊరవతలికి పోయింది. గోడ వెంబడి నడిచి, రౌండబౌట్ చుట్టి, అవతల నుంచి సందులన్నీ దాటి రావాలి. మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో దొరికే గంట నడకకే సరిపోయేది. ఎండలో వచ్చి, నాలుగు ముద్దలు మింగి, మళ్ళీ పరుగు. కొందరు క్యాంప్‌లోనే రొట్టె, పెరుగు తిని పడుకోవడం మొదలుపెట్టారు. చిచ్చా గిన్నెలు చిన్నవయ్యాయి. ఉప్పు చూడడానికి చేతులు తక్కువయ్యాయి. "ఏం నర్సయ్యా, ఆఫీసర్ సాబ్, మాకో దారి సూపియ్యరాదు" అని చిచ్చా నవ్వుతూ అడిగితే నాకు అన్నం గొంతు దిగేది కాదు. దిగనట్టు అనిపించేది, అంతే. రెండోసారి పెట్టించుకున్న రోజులే ఎక్కువ.

కుర్రవాళ్ళు గోడెక్కడం మొదలుపెట్టారు. బావకు అప్పటికే కాస్త పొట్ట. రెండేళ్ళకోసారి దొరికే చుట్టీ మీద ఆయన ఊరికి పోవలసిన నెల అది. ఆయన వచ్చాక పుట్టిన కొడుకును ఆయన ఇంకా చూడలేదు. బొమ్మ కారు, అక్కకు చీరె, అన్నీ కట్టి పెట్టుకున్నాడు. ఆ రోజు క్యాంప్‌లో జ్వరంతో ఉన్న ఒక పిల్లగాడి కోసం చిచ్చా ఇచ్చిన పప్పు గిన్నె పట్టుకుని, చుట్టు తిరిగితే చల్లారిపోతుందని గోడెక్కాడు. ఆ తర్వాతిది మీకు చెప్పాను. పెళ్ళిళ్ళలో ఆయన చెప్పని ముక్క ఒకటుంది. విరిగిన కాలికి పట్టీ వేసుకుని, మడమ దిండు మీద పెట్టుకుని, బొమ్మ కారును పొట్ట మీద ముందుకూ వెనక్కూ నడిపించుకుంటూ బావ చాలా రోజులు మంచం మీద ఉన్నాడు. చుట్టీ వెనక్కి పోయింది. ఆయన ఊరు చేరేసరికి కొడుకు నడక నేర్చి, ఈయనను చూసి ఏడ్చుకుంటూ తల్లి వెనక దాక్కున్నాడు. ఆ మంచం పక్కనే నా మంచం. రోజూ ఆయనకు అన్నం నేనే తెచ్చాను, రౌండబౌట్ చుట్టి. నాకు నేను వేసుకున్న శిక్ష అదనుకున్నాను. నోరు విప్పడం కన్నా నడవడం సులువు, అంతకు మించి అందులో గొప్పేమీ లేదు.

బావ పడిన తర్వాతి శుక్రవారం చిచ్చా ఒక సుత్తి తెచ్చి గోడకు ఆనించి పెట్టాడు. ఎవరినీ ఏమీ అనలేదు. అందరూ దాని వైపు చూశారు, కంపెనీ గోడ గదా అని జంకారు. నేను లేచి సుత్తి తీసుకున్నాను. మొదటి దెబ్బ నాదే. నాలుగు ఇటుకలు ఊడాక అందరూ కలిశారు. సాయంత్రం నమాజుకు ముందే మనిషి దూరేటంత కంత పడింది, చిచ్చా అటూ ఇటూ చాయ్ అందించాడు. "కంపెనీ సర్వేల ఉండి గూడ మన కోసం ముందు పడ్డడు" అని అందరూ నా భుజం తట్టారు. ఇద్దరి ఊతంతో ఒంటికాలి మీద కుంటుకుంటూ వచ్చిన బావ కూడా తట్టాడు, కాస్త గట్టిగానే. ఆ రోజు ఉప్పు చూసే పప్పు చిచ్చా నా చేతిలో పోశాడు. కంపెనీవాళ్ళు కంత పూడ్చారు, మావాళ్ళు మళ్ళీ తీశారు. అట్లా కొన్నాళ్ళు సాగాక వాళ్ళకే విసుగొచ్చి వదిలేశారు.

మొన్న శుక్రవారం అల్లుడు, అమ్మాయి నన్ను ఉమ్ ఘువైలినాకు తీసుకుపోయారు. అల్ ఖోర్ నుంచి దారి పొడవునా ఊరే. మేం ఉన్నప్పుడు ఎడారి అన్న చోట ఇప్పుడు కాలనీలు, కాలనీలకు గోడలు. వెనకటిదే మంచిదని నేను అనను. ఆ ఎండలో నడిచినవాడు ఎవడూ అనడు. చల్లటి మెట్రోలో కూర్చుని పోయే పిల్లలను చూస్తే నాకు సంతోషమే. కాకపోతే, అప్పుడు పోపు వాసన పట్టుకుని పోతే అన్నం దొరికేది, ఇప్పుడు ఎదురు దుకాణంలో కొత్తిమీరకు ఫోన్‌ను దారి అడగాలి. పాత గోడ సగం పోయింది, సగం ఉంది. "ఇక్కడ ఆపు, నేను దిగుతా. నువ్వు అవతలికి రా" అన్నాను.

"అటు దారి లేదు మామయ్యా" అని అల్లుడు ఫోన్ చూపించాడు.

నేను దిగి నడిచాను. కంత ఉంది. ఎవరో దాని అంచులు సిమెంటుతో గుండ్రంగా నున్నగా చేశారు, మోటారు సైకిళ్ళు దూరకుండా నడుమ ఇనుప గుంజ పాతారు. సంచి పట్టుకుని ఒక నేపాలీ పిల్లగాడు నాకు దారి ఇచ్చి దూరిపోయాడు. కాస్త అవతల నా దారి కూడా ఉంది, కరెంటు గది గోడను చూస్తూ. అందులో మూడు చెత్త డబ్బాలు సరిగ్గా పట్టాయి.

సందులో ఒక అరుగు మీద కూర్చుని కోరుట్లకు వీడియో కాల్ చేశాను. చిచ్చాకు ఇప్పుడు చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. ఫోన్ గోడ వైపు తిప్పి కంత చూపించాను. "ఇంకింత దగ్గరికి వెట్టురా" అని కాసేపు చూసి నవ్వాడు. అప్పుడు చెప్పాను. మేకులు, ట్యాంకర్, శుక్రవారం, అన్నీ. చిచ్చా నడుమ ఆపలేదు.

"అయిందా?" అన్నాడు.

"అయింది చిచ్చా."

"మీ బావకు ఎరుకే."

ఫోన్‌ను గోడ వైపు నుంచి నా మొహం వైపు తిప్పుకున్నాను.

"ఆ కట్టెలు పీక్కొచ్చి నాకు ఇచ్చిందే రాజన్న. పందిరికి కట్టె లేదని నేను మొత్తుకుంటే, ఎడారిల ఊకెనే పాతి ఉన్నయని తెచ్చిండు. నువ్వు యాడివని అడిగితే కోడి బొక్క నాకుకుంట కూసున్నడు, యాదికున్నదా? సాయంత్రం నువ్వు కన్ను మూసి మేకులు కొడుతుంటే సూసిండు కూడా. మిషన్ లేకున్నా మా బామ్మర్దికి అన్నీ తెలుసని మురిసిండు. కాలిరిగినంక నాతోని అన్నడు, చిచ్చా, పీకింది నేను, నాటింది వాడు, సరికి సరి అని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వాడు పీకిన సంగతి చెప్తే నీ ముందు సిగ్గుపోతది. నువ్వు చెప్తే వాడూ చెప్తుండె. పెండ్లిపెండ్లికి ఆ కథ ఎందుకు ఎత్తుతుండెనో అనుకున్నవ్? కథ చెప్పుకుంట నీ దిక్కే సూస్తుండె. నువ్వేమో పండ్లికిలిస్తుంటివి." చిచ్చా దగ్గి, దమ్ము తీసుకున్నాడు. "పో, మీ అక్కకు చెప్పు. ఆమెకు రెండు దిక్కుల కథ తెలువదు."

ఫోన్ పెట్టేసి ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఎక్కడో ఎవరింట్లోనో వెల్లుల్లి వేగుతోంది. బావ పెళ్ళి పందిట్లో కుర్చీ మీదికి ఒక కాలెత్తి, గోడెక్కినట్టు చేసి, నవ్వుల మధ్య నా వైపు ఒక్క క్షణం చూసే చూపు గుర్తొచ్చింది. అది కథలో భాగమనుకునేవాణ్ణి.

చాలాసేపటికి అల్లుడి కారు సందు చివర కనిపించింది. అద్దం దించి, "మామయ్యా, మీరు ఎటునుంచి వచ్చారు? నాకు రెండు సిగ్నళ్ళు, ఒక యూటర్న్ తగిలాయి" అన్నాడు. వెనక సీట్లోంచి అమ్మాయి నా మొహం చూసి, "ఏమైంది బాపూ?" అంది.

కారెక్కి, ముందు అక్కకు ఫోన్ కలపమన్నాను, అందరికీ వినబడేటట్టు. అక్క ఎత్తి, "దుబాయ్ల అందరు మంచిగున్నరా?" అంది. అల్ ఖోర్ చేరడానికి మళ్ళీ అంత దూరమూ చుట్టు తిరిగి పోవాలి. ఆ దారి నాకు సరిపోతుంది. చిచ్చా బీరపాదు దగ్గర నుంచి మొదలుపెట్టాను.